పిల్లల మెడలో బిళ్ళ కడితే... లింఫోమా, దాని చికిత్స

వారానికొకసారి పిల్లవాడికి నూనె అంటి తలంటు పోసే తల్లి చేతికే సాధారణంగా ఆ బిళ్ళ మొట్టమొదట తగులుతుంది. చెవి కిందనో, దవడ వెనుకనో, మెడ పక్కనో చింతగింజంత ఉంటుంది. కొద్ది వారాలకు ఉసిరికాయంత అవుతుంది. నొప్పి ఉండదు, ఎర్రబడదు, పిల్లవాడు ఎప్పటిలాగే ఆడుకుంటూ ఉంటాడు. నొప్పి లేదు గనుక ప్రమాదమేమీ లేదని ఇంటిల్లిపాదీ ఊరుకుంటారు. నిజానికి ఆ నొప్పి లేకపోవడమే కొంత ఆలోచించవలసిన విషయం.

చాలా సందర్భాలలో భయపడవలసిన పని లేదన్నది కూడా వాస్తవమే. గొంతునొప్పి, చెవిలో చీము, పుచ్చిన పన్ను, తలలో కురుపులు, పేల వల్ల పడిన పుండ్లు, వీటిలో దేనివల్లనైనా పిల్లల మెడలో బిళ్ళలు కడతాయి. అసలు కారణం తగ్గిన రెండు మూడు వారాలలో అవి వాటంతటవే చిన్నబడతాయి. మన దేశంలో ఆ తరువాత తలచుకోవలసినది క్షయ. ఈ రెండూ కాక, అరుదుగా, ఆ బిళ్ళ లింఫోమా కావచ్చు. శరీరాన్ని అంటురోగాల నుండి కాపాడే లసికా గ్రంథులలో పుట్టే క్యాన్సర్‌కు లింఫోమా అని పేరు. పిల్లల క్యాన్సర్లలో రక్త క్యాన్సర్, మెదడు కణితుల తరువాతి స్థానం దీనిదే.

క్యాన్సర్ అన్న మాట వినగానే గుండె జారిపోతుంది. కాని పిల్లలకు వచ్చే లింఫోమా, సకాలంలో గుర్తించి చికిత్స పూర్తిగా చేస్తే, అత్యధికంగా నయమయ్యే క్యాన్సర్లలో ఒకటి. వైద్య సదుపాయాలు బాగా ఉన్న దేశాలలో హాడ్జ్‌కిన్ రకం లింఫోమా వచ్చిన పిల్లలలో నూటికి 90 మందికి పైగా, తక్కిన రకాలలో 80 మందికి పైగా బ్రతికి బయటపడుతున్నారు. మన దగ్గర అంతమంది దక్కకపోవడానికి మందులు దొరకకపోవడం కారణమని చెప్పలేము. ముఖ్యమైన మందులలో చాలావరకు మన దేశంలోనే తయారవుతున్నాయి. జబ్బు ముదిరిన తరువాత రావడం, చికిత్స మధ్యలో మానివేయడం, ఈ రెండూ మన పిల్లల పాలిట పెద్ద శత్రువులు.

ఆయుర్వేదానికి, గృహవైద్యానికి అంకితమైన పత్రికలో కీమోథెరపీ ప్రసక్తి ఏమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. ఆ ఆలస్యం చాలా ఇళ్ళలో ఒక లేపనంతోనో, ఒక పసరుతోనో మొదలవుతున్నది. కనుక ఈ సంగతి చెప్పవలసిన చోటు ఇదే.

గండమాల, అపచి, అర్బుదం

మన ప్రాచీన వైద్యులు ఈ గడ్డలన్నింటినీ ఒకే గాటన కట్టలేదు. సుశ్రుతుడు గ్రంథి, అపచి, అర్బుదం, గలగండం అనే నాలుగింటిని ఒకే అధ్యాయంలో తీసుకొని, దేని లక్షణాలను దానికి విడివిడిగా వర్ణించాడు. అర్బుదం గుండ్రంగా, కదలకుండా, లోతుగా వేళ్ళూని, కొద్దిపాటి నొప్పితో మెల్లగా పెరుగుతుందనీ, చీము పట్టదనీ ఆయన గమనించాడు. గండమాల, అపచుల విషయంలో మాధవ నిదానం మరొక హెచ్చరిక చేసింది. జలుబు, దగ్గు, జ్వరం, పార్శ్వశూల, వాంతులు తోడైనప్పుడు అది అసాధ్యమని చెప్పింది. మెడలో బిళ్ళతో పాటు దగ్గు, జ్వరం ఉన్న పిల్లవాడికి ఈనాటి వైద్యుడు వెంటనే ఛాతీ ఎక్స్‌రే తీయించడంలోని జాగ్రత్త కూడా ఇటువంటిదే. రొమ్ము లోపలి గ్రంథులు కూడా పెరిగాయేమో చూడడం ఆయన ఉద్దేశం.

శాస్త్రం చదివిన ఆయుర్వేద వైద్యుడెవరూ ఇటువంటి గడ్డకు పట్టు వేసి ఇంటికి పంపడు. పేచీ అంతా గడ్డపై వాతలు పెట్టేవారితో, పేరు లేని పొడులను పొట్లం కట్టి ఇచ్చేవారితో.

ఏ బిళ్ళను అనుమానించాలి?

ఉసిరికాయంతకు, అంటే రెండు సెంటీమీటర్లకు మించి పెరిగి, నాలుగు వారాలు గడిచినా తగ్గని బిళ్ళను, తాకితే రబ్బరు ముక్కలా బిరుసుగా ఉన్నదానిని, ఒకదాని పక్కన ఒకటిగా పెరుగుతున్న బిళ్ళలను వైద్యునికి చూపించాలి. మెడ ఎముకకు పైన ఉండే గుంటలో కనిపించినది ఎంత చిన్నదైనా సరే, నాలుగు వారాలు ఆగనక్కర లేదు. వీటికి తోడు కారణం తెలియని జ్వరం, రాత్రివేళ పక్కబట్టలు తడిసేటంత చెమట, ఆరు నెలలలో శరీర బరువులో పదోవంతు తగ్గిపోవడం ఉంటే అనుమానం బలపడుతుంది.

మెడలో ఏమీ కనిపించని లింఫోమాలు కూడా ఉన్నాయి. బర్కిట్ అనే రకం తరచుగా పొట్టలో పుడుతుంది. ఒకటి రెండు రోజులలోనే రెట్టింపు కాగల వేగం దానిది. పిల్లవాడి పొట్ట ఉబ్బుతూ, నొప్పి పెడుతుంటే నులిపురుగుల మందుతో వారాలు గడపకూడదు. మరొక రకం ఛాతీ మధ్యలో పెరిగి శ్వాసనాళాన్ని నొక్కుతుంది. దగ్గు, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం, ఉదయం లేచేసరికి ముఖం ఉబ్బి ఉండడం దాని గుర్తులు. దీనిని ఉబ్బసమని పొరబడడం కద్దు. ఈ రెండింటి లక్షణాలు కనిపించిన రోజునే ఆసుపత్రికి చేరాలి.

రోగ నిర్ణయానికి బిళ్ళను, లేదా దానిలో తగినంత ముక్కను తీసి పరీక్షించడం తప్పనిసరి. దీనినే బయాప్సీ అంటారు. సూదితో కొద్ది కణాలను పీల్చి చేసే పరీక్ష తొలిచూపుకు పనికివస్తుంది గాని, ఏ రకం లింఫోమా అన్నది తేల్చడానికి తరచుగా చాలదు. "కత్తి పడితే క్యాన్సర్ పాకుతుంది" అన్న మాట మన ఊళ్ళలో బాగా నాటుకుపోయింది. లింఫోమా విషయంలో అది నిరాధారం. బయాప్సీ లేకుండా క్షయ అని ఊహించి నెలల తరబడి మందులు మింగించడం వల్ల విలువైన కాలం జారిపోతుంది. అంతకంటే సూక్ష్మమైన ప్రమాదం ఇంకొకటి ఉన్నది. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు ఇస్తే లింఫోమా గడ్డ మంచులా కరిగినట్లు కనిపిస్తుంది. "మందు పనిచేసింది" అని అందరూ సంతోషిస్తారు. కొద్ది వారాలలో గడ్డ తిరిగి వస్తుంది. ఈలోగా బయాప్సీ తీసినా అందులో రోగం స్పష్టంగా తెలియదు. నాటుమందు పొడులలో స్టెరాయిడ్లు కలిపి అమ్మడం పరీక్షలలో బయటపడిన సంగతే. అందుచేత, ఏ పొడి వేసినా గడ్డ అద్భుతంగా కరిగిందంటే, సంతోషానికి ముందు అనుమానం రావాలి.

కాకినాడ పరిసరాలవారికి 1958లో స్థాపితమైన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ ఆసుపత్రి అందుబాటులో ఉన్నది. బోధనాసుపత్రి గనుక పిల్లల వైద్యుడు, శస్త్రవైద్యుడు, కణజాలాన్ని పరీక్షించే నిపుణుడు ఒకరికొకరు అందుబాటులో ఉంటారు. తొలి అడుగు అక్కడ వేయవచ్చు.

గోదావరి గడ్డ నుండి ఒక మందు

రోగనిర్ణయం తేలి, కీమోథెరపీ మొదలుపెట్టాలని వైద్యుడు చెప్పగానే ఇంట్లో పెద్దలు బెంబేలెత్తుతారు. అది పరాయి దేశపు విషమని, పసివాడు తట్టుకోలేడని వారిస్తారు. విషప్రాయమైన మందులే అన్నమాట కాదనలేము. కాని వాటి పుట్టుపూర్వోత్తరాలు విన్నవారు పరాయివని మాత్రం అనలేరు.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. రాజమండ్రిలో కొంత చదివి, మద్రాసు వైద్య కళాశాలలో వైద్యం అభ్యసించారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు తొడిగినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి పట్టా బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ తరువాత ఆయన చేరిన ఉద్యోగం ఏమిటో ఈ పత్రిక పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర బోధకుడు! ఆయుర్వేద ఔషధాల శక్తిని ఆధునిక పద్ధతిలో పరిశోధించాలన్న తపన ఆయనకు అక్కడ కలిగింది. 1920ల తొలినాళ్ళలో ఆయన అమెరికా ప్రయాణానికి సహాయం చేస్తామని ముందుకు వచ్చినది మన కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ. మామగారు పోగుచేసిన సొమ్ము కూడా అందుకు తోడైంది.

సుబ్బారావు సోదరులిద్దరు స్ప్రూ అనే అతిసార వ్యాధితో అకాల మరణం పాలయ్యారు. ఆ జబ్బుకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలోని బృందం కృత్రిమంగా తయారుచేసింది. కణం విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అయితే దానిని పోలిన నకిలీ పదార్థాన్ని కణానికి అందిస్తే? విచ్చలవిడిగా పెరిగే క్యాన్సర్ కణం ఆ నకిలీని పట్టుకొని విభజన చెందలేక నశిస్తుంది. ఆ బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల లింఫోమా చికిత్సలో ప్రధానమైన మందు. దానిని నరంలోకి ఎక్కించడమే కాక, రోగం మెదడుకు పాకకుండా వెన్నులోకి సూదితో కూడా ఇస్తారు. ఒకప్పుడు ఇందుకోసం పసివారి తలకు రేడియేషన్ ఇవ్వవలసి వచ్చేది. చాలామంది పిల్లలకు ఆ అవసరాన్ని తప్పించినది ఈ సూదిమందే.

పెరటిలోని బిళ్ళగన్నేరు

రెండవ మందు మన పెరటిలోనే ఉన్నది. గులాబీ, తెలుపు పూలతో ఏడాది పొడవునా పూసే బిళ్ళగన్నేరు తెలియని ఇల్లు ఉండదు. జమైకాలో దీని ఆకు కషాయాన్ని మధుమేహానికి తాగేవారు. ఆ వాడుకను పరీక్షిద్దామని కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు 1950లలో ఎలుకలకు ఇచ్చి చూశారు. చక్కెర తగ్గలేదు గాని, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. తెల్లకణాల క్యాన్సర్‌కు ఇది పనికిరావచ్చునన్న ఆలోచన అలా పుట్టింది. 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను, తరువాత మరొక సంస్థలో విన్‌క్రిస్టిన్‌ను వేరుచేశారు. ఈ రెండూ లింఫోమాకు వాడుతున్న మందులే.

ఇది చదివి ఏ తల్లీ బిళ్ళగన్నేరు ఆకు నూరి బిడ్డకు పట్టరాదు. ఒక టన్ను ఎండుటాకు నుండి కొద్ది గ్రాముల విన్‌క్రిస్టిన్ మాత్రమే లభిస్తుంది. ఆకులో డెబ్బైకి పైగా ఇతర క్షారపదార్థాలు ఉంటాయి. మోతాదు పిల్లవాడి ఎత్తు, బరువులను బట్టి మిల్లీగ్రాములలో లెక్కగట్టి, నరంలోకి మాత్రమే ఇవ్వవలసిన మందు ఇది. ఆకు పసరుతో రోగం తగ్గేటంత మోతాదు అందదు, విషలక్షణాలు మాత్రం కలుగుతాయి. చెట్టులో గుణం ఉండడం వేరు, ఆ గుణం సరియైన కొలతలో రోగికి అందడం వేరు. రసశాస్త్రం శోధనకు, మాత్రకు అంత ప్రాధాన్యం ఎందుకు ఇచ్చిందో ఇక్కడ బోధపడుతుంది.

చికిత్స నడిచే తీరు

ముందుగా రోగం ఎంతవరకు వ్యాపించిందో స్కానింగులతో, అవసరమైతే ఎముక మజ్జ పరీక్షతో చూసి, నాలుగు దశలలో ఏ దశయో నిర్ణయిస్తారు. నాలుగవ దశ అనగానే ఆశ వదులుకొనే పెద్దలు ఒక్క మాట గ్రహించాలి. పిల్లల లింఫోమాలో నాలుగవ దశ కూడా నయం చేయదగినదే.

హాడ్జ్‌కిన్ రకానికి కొన్ని మందులను కలిపి కొద్ది వారాలకు ఒక విడత చొప్పున ఇస్తారు. సాధారణంగా నాలుగు నుండి ఆరు విడతలు, కొన్ని నెలలలో ముగుస్తుంది. బర్కిట్ రకానికి చికిత్స చాలా తీవ్రమైనది, కాని కాలపరిమితి తక్కువ. లింఫోబ్లాస్టిక్ రకానికి రక్త క్యాన్సర్‌లో వలె రెండు సంవత్సరాలకు పైగా పడుతుంది. గడ్డ రెండవ విడతకే మాయమైనా, కంటికి కనిపించని కణాలు మిగిలి ఉంటాయి. గడ్డ పోయిందని మానివేసిన కుటుంబాలకు రోగం తిరగబెట్టినప్పుడు మొదటి మందులు మునుపటిలా పనిచేయవు. ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుండాలి.

రేడియేషన్ అందరు పిల్లలకూ అవసరం రాదు. హాడ్జ్‌కిన్ రకంలో తొలి విడతల తరువాత తీసిన స్కానింగులో రోగం పూర్తిగా అణగకపోతే, ఆ గ్రంథులున్న చోటికి ఇస్తారు. తక్కిన రకాలలో దాని వాడకం బహు తక్కువ. ఒకప్పుడు పెద్ద మోతాదులో, విశాలమైన ప్రదేశానికి ఇచ్చేవారు. ఎముకల పెరుగుదల కుంటుపడడం, ఏళ్ళ తరువాత మరొక క్యాన్సర్ రావడం గమనించి, పిల్లలకు సుమారు 20 గ్రే మోతాదుకు, రోగమున్న మేరకు కుదించారు. రోజుకు కొద్ది నిమిషాల చొప్పున, వారానికి ఐదు రోజులు, రెండు మూడు వారాలు పడుతుంది. నొప్పి తెలియదు. బయటి యంత్రంతో రేడియేషన్ తీసుకున్న పిల్లవాడి ఒంటిలో కిరణాలేమీ నిలిచి ఉండవు. తల్లి పక్కలో పడుకోబెట్టుకోవచ్చు, చెల్లెలితో ఆడుకోనివ్వవచ్చు.

ఇంటివారు చేయవలసినది

ఇక్కడ గృహవైద్యానికి నిజమైన స్థానం ఉన్నది.

కీమోథెరపీ మొదలైన తొలి రోజులలో గడ్డ వేగంగా కరిగి, కణాలలోని పొటాషియం, యూరిక్ ఆమ్లం రక్తంలోకి వెల్లువెత్తుతాయి. మూత్రపిండాలకు, గుండెకు అది ప్రమాద సమయం. చలువ చేస్తుందని కోనసీమ కొబ్బరిబోండాలు గంపలతో తెచ్చే బంధువులను ఆ వారం రోజులు సున్నితంగా వారించాలి. కొబ్బరినీళ్ళలో పొటాషియం అధికం. పండ్లరసాలు కూడా వైద్యుని అడిగిన తరువాతనే ఇవ్వాలి.

మందు ఎక్కించిన వారం నుండి రెండు వారాల లోపు తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజులలో జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే అర్ధరాత్రియైనా బయలుదేరవలసిందే. జ్వరం బిళ్ళ వేసి తెల్లవారే దాకా చూద్దామనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో థర్మామీటరు, ఆసుపత్రి ఫోను నంబరు, ప్రయాణానికి బండి సిద్ధంగా ఉండాలి. పొంగు, ఆటలమ్మ సోకిన పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు. సోకినదని తెలిస్తే వెంటనే వైద్యునికి చెప్పాలి.

ఆహారం అప్పటికప్పుడు వండి వేడిగా పెట్టాలి. మెత్తని అన్నంలో పెసరకట్టు, నెయ్యి, పలుచని రాగిజావ, ఇడ్లీ, బాగా ఉడికిన గుడ్డు, మరగించిన పాలు, తొక్క ఒలిచి తినే అరటిపండు మంచివి. తొలి వారంలో మాత్రం అరటిపండు కూడా అడిగి పెట్టాలి. బండి మీది తినుబండారాలు, కోసి ఉంచిన పండ్లు, పచ్చి కూరలు వద్దు. నోటిపూతకు గ్లాసెడు కాచి చల్లార్చిన నీటిలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలింపజేయడం సులభోపాయం. కారం, పులుపు తగ్గించాలి.

విన్‌క్రిస్టిన్ వల్ల పేగుల కదలిక మందగించి మలబద్ధకం కలుగుతుంది. పాతకాలపు అలవాటు ప్రకారం ఆముదం పట్టడం, వస్తికర్మ చేయడం ఈ స్థితిలో హానికరం. వైద్యుడిచ్చిన విరేచనకారి, మెత్తని కూరలు, నీళ్ళు చాలు. రక్త ఫలకికలు తగ్గినప్పుడు ఒంటికి మర్దనలు కూడదు. రేడియేషన్ ఇచ్చే చోట నూనె, సున్నిపిండి, పసుపు పట్టించకూడదు. వదులైన నూలు చొక్కా వేయాలి.

కూరలో వేసే చిటికెడు పసుపుకు అభ్యంతరం లేదు. పసుపు సారం గొట్టాలు, తిప్పతీగ, అశ్వగంధ, భస్మాలు మాత్రం చికిత్స జరిగినంత కాలం వైద్యునికి చెప్పకుండా వాడరాదు. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలను 2021లో ముంబయి వైద్యులు ప్రకటించారు. మెథోట్రెక్సేట్ కూడా కాలేయం మీదనే భారం మోపే మందు. బలానికని కొనే టానిక్కులలోని ఫోలిక్ ఆమ్లం, అదే మెథోట్రెక్సేట్ పనికి అడ్డు తగలగలదు.

జుట్టు ఊడుతుంది, తిరిగి వస్తుంది. పిల్లవాడికి ఈ మాట ముందుగానే చెప్పడం మంచిది. ఏమీ చెప్పకుండా దాచిన ఇళ్ళలో పిల్లలు మనం ఊహించిన దానికంటే భయంకరమైనవి ఊహించుకుంటారు.

ఎక్కడికి వెళ్ళాలి?

పిల్లల క్యాన్సర్‌లో అనుభవమున్న కేంద్రం అవసరం. టాటా స్మారక కేంద్రానికి చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖ సమీపంలోని అగనంపూడిలో ఉన్నది. కాకినాడకు సుమారు 150 కిలోమీటర్లు. హైదరాబాదులో 1955లో నెలకొల్పిన ఎం.ఎన్.జె. సంస్థ, చెన్నైలో 1954 నుండి సేవలందిస్తున్న అడయారు క్యాన్సర్ సంస్థ చాలాకాలంగా తెలుగు కుటుంబాలకు పరిచితమైనవి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా కొనసాగుతున్న పథకం అర్హులకు క్యాన్సర్ చికిత్స ఖర్చు భరిస్తుంది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. రోగికీ, వెంట వెళ్ళే ఒకరికీ రైలు ఛార్జీలో రాయితీ ఉన్నది. చాలామంది అడగక వదులుకుంటున్నారు. ప్రయాణాలు, అద్దెగది, తండ్రి సెలవులు, ఇవి మందుల ఖర్చు కంటే మధ్యతరగతి ఇంటిని ఎక్కువ కుంగదీస్తాయి. చికిత్స మధ్యలో మానడానికి దారితీసేవి చాలావరకు ఇవే. కనుక మొదటి రోజుననే ఆరు నెలల లెక్క వేసుకోవాలి.

చికిత్స ముగిసిన నాడు ఏయే మందు మొత్తం ఎంత ఇచ్చారో, రేడియేషన్ ఎక్కడ, ఎన్ని గ్రే ఇచ్చారో వ్రాయించుకొని, ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో పాటు భద్రపరచాలి. డాక్సోరూబిసిన్ తీసుకున్నవారికి కొన్నేళ్ళకొకసారి గుండె పరీక్ష, మెడకు రేడియేషన్ పొందినవారికి థైరాయిడ్ పరీక్ష అవసరం. ఛాతీకి రేడియేషన్ పొందిన ఆడపిల్లలకు రొమ్ము పరీక్షలు అందరిలా నలభయ్యవ ఏట కాక, 25వ ఏట, లేదా రేడియేషన్ ముగిసిన 8 సంవత్సరాలకు, ఈ రెండింటిలో ఏది తరువాత వస్తే అప్పటి నుండి మొదలుపెట్టాలి.